వేలిముద్ర వేసి ఓడెక్కినవాళ్లు



మామిడి అంటు సంగతి చాట్రాయి చుట్టుపక్కల ఉన్న మనకు ఒకరు చెప్పాలా? ముందు టెంక పాతి మొక్క చేస్తారు. దానికి బంగినపల్లి కొమ్మో, చిన్నరసం కొమ్మో అంటు కడతారు. కింద వేరు ఒకటి. పైన కొమ్మ ఇంకొకటి. అది బతికి కాపుకొచ్చాక ఏ చెట్టు అంటాం? కాయను బట్టి పేరు పెడతాం. కానీ నీళ్లు తాగేది ఆ కింది వేరే కదా!

మనుషులు కూడా ఒక నేల విడిచి ఇంకో నేలకు పోతారు. అక్కడే కాపురం పెడతారు. పిల్లలు అక్కడే పుడతారు. మనవలు అక్కడి మాట మాట్లాడతారు. మరి వాళ్లు ఎవరు? ఏ దేశం వాళ్లు? ఏ భాష వాళ్లు?

ఇది తేలికైన ప్రశ్న కాదు. లక్షల మంది బతుకులు ఈ ప్రశ్న చుట్టూ తిరిగాయి. వాళ్లలో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కథ ఇప్పుడు చదువుదాం.

ఊరు ఎందుకు విడిచారు?

దాదాపు 200 ఏళ్ల కిందటి మాట. అప్పుడు మన దేశం ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉంది.

1832-33లో గుంటూరు సీమలో పెద్ద కరువు వచ్చింది. అది నందన సంవత్సరం. అందుకే నందన కరువు అన్నారు. తిండి లేక లెక్కలేనంత మంది చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇంకోవైపు ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చి పడింది. మన నేతగాళ్ల మగ్గాలు మూలపడ్డాయి. శిస్తు మాత్రం తగ్గలేదు.

సరిగ్గా అదే కాలంలో సముద్రం అవతల ఇంకో సంగతి జరిగింది. మారిషస్ అనే చిన్న దీవి ఉంది. అది హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికాకు దగ్గర. అక్కడ చెరుకు తోటలు ఎక్కువ. ఆ తోటల్లో ఆఫ్రికా వాళ్లను బానిసలుగా పెట్టి పని చేయించేవారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. వాళ్ల కన్ను మన దేశం మీద పడింది.

1834 నవంబరు 2న బీహారు వైపు నుంచి వచ్చిన 36 మంది కూలీలు మారిషస్‌లో దిగారు. ఆ తరవాత 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మందిని మన దేశం నుంచి తీసుకుపోయారు. వాళ్లలో గోదావరి, విశాఖ, గంజాం సీమల తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లు కోరంగి, మద్రాసు రేవుల్లో ఓడ ఎక్కారు.

కోరంగి అంటే కాకినాడకు దగ్గరలో ఉన్న పాత రేవు. అక్కడి నుంచి వెళ్లినందువల్ల తెలుగువాళ్లకు మారిషస్‌లో "కోరంగీలు" అని పేరు పడింది. బర్మాలో కూడా అదే పేరు. చూశారా, ఎక్కిన రేవు పేరే జాతి పేరు అయింది!

గిరిమిట్ అంటే ఏమిటి?

ఊరికి ఒక మేస్త్రీ వచ్చేవాడు. మన తోటల్లో కాయ కోతకు ముఠా కట్టే మేస్త్రీ లాంటివాడే. "మంచి పని ఉంది, నెలకు జీతం, తిండి, బట్ట. అయిదేళ్లకు డబ్బు మూట కట్టుకుని రావచ్చు" అనేవాడు. ఎంత దూరమో చెప్పేవాడు కాదు. ఎంత కష్టమో అసలే చెప్పేవాడు కాదు.

ఓడ ఎక్కే ముందు ఒక కాగితం పెట్టేవాళ్లు. అది ఒప్పంద పత్రం. ఇంగ్లీషులో దాన్ని అగ్రిమెంట్ అంటారు. ఆ మాట నోరు తిరగక మనవాళ్లు "గిరిమిట్" అన్నారు. గిరిమిట్ మీద పోయినవాళ్లను "గిరిమిటియాలు" అన్నారు.

ఆ కాగితంలో ఏముందో చదివే చదువు చాలామందికి లేదు. గీత గీశారు, గుర్తు పెట్టారు, తరవాతి రోజుల్లో వేలిముద్ర వేశారు. అంతటితో అయిదేళ్ల బతుకు యజమాని చేతిలో పెట్టినట్టు అయింది.

మొదటి రోజుల్లో మారిషస్‌లో మగవాళ్లకు జీతం నెలకు 5 రూపాయలు. బియ్యం, పప్పు లాంటివి యజమాని ఇవ్వాలి. కానీ ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరం వచ్చిందన్నా వినేవారు కాదు. నెలాఖరుకు చేతికి వచ్చేది ఎంత? మీరే లెక్క వేయండి. నెలలో నాలుగు రోజులు మంచం పడితే ఎనిమిది రోజుల కూలి పోతుంది.

1867లో ఇంకో చట్టం వచ్చింది. అయిదేళ్లు పూర్తి చేసుకున్న కూలీ కూడా ఫోటో అంటించిన చీటీ దగ్గర పెట్టుకోవాలి. చీటీ లేకుండా దారిలో కనిపిస్తే దేశదిమ్మరి అని పట్టుకుని జైలులో పెట్టేవారు. తన కాళ్ల మీద తాను నడవడానికి కూడా చీటీ కావాలి!

అర్జీ కదిలించింది

అందరూ నోరు మూసుకుని ఉన్నారా? లేదు.

1871లో మారిషస్‌లోని పాత కూలీలు ఒక అర్జీ పెట్టారు. అడాల్ఫ్ ది ప్లెవిట్జ్ అనే తెల్లవాడు వాళ్లకు అండగా నిలిచాడు. తాను ఒక తోట వ్యవహారం చూసేవాడై ఉండి కూడా కూలీల పక్షాన నిలబడ్డాడు. ఆ అర్జీ మీద 9,401 మంది సంతకాలు, గుర్తులు ఉన్నాయి. "మమ్మల్ని ఇట్లా పట్టుకుంటున్నారు, ఇట్లా జైలులో వేస్తున్నారు" అని అందులో చెప్పుకున్నారు.

అర్జీ ఇంగ్లండు దాకా పోయింది. 1872లో విచారణ సంఘం వచ్చింది. జరిగిన అన్యాయం నిజమే అని తేల్చింది. 1878లో కూలీల చట్టం మార్చారు. కష్టాలు అన్నీ పోలేదు. కానీ వేళ్లు కలిస్తే పిడికిలి అవుతుందని తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చదవని కాగితం మీద వేసిన గుర్తు వాళ్లను కట్టి పడేసింది. తెలిసి, అడిగి, పదిమందితో కలిసి పెట్టిన గుర్తు వాళ్లను కొంత విడిపించింది.

ఆడవాళ్ల కష్టం, ఆడవాళ్ల గొంతు

కూలీలను ఫిజీ దీవులకు కూడా తీసుకుపోయారు. ఫిజీ ఇంకా దూరం, ఆస్ట్రేలియా దాటి ఉంటుంది. 1879లో మొదటి ఓడ చేరింది. మద్రాసు రేవు నుంచి 1903లో ఓడలు మొదలయ్యాయి. ఆ ఓడల్లో తెలుగువాళ్లు, తమిళులు పోయారు. దక్షిణాఫ్రికాకు అంతకు ముందే, 1860లో, మద్రాసు నుంచి మొదటి ఓడ పోయింది.

ఫిజీకి పోయే ఓడల్లో నూరు మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలని నిబంధన. వాళ్లలో విధవలు, భర్త వదిలేసినవాళ్లు, కరువులో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పొలంలో ఆడవాళ్లకు కూలి తక్కువ. పైన చూసే తెల్ల ఓవర్సీర్ల వేధింపులు ఎక్కువ.

కుంతి అనే కూలీ స్త్రీ తనను చెరచబోయిన ఓవర్సీరు నుంచి తప్పించుకోవడానికి నదిలో దూకింది. ఒక పిల్లవాడు పడవలో వచ్చి కాపాడాడు. ఆమె తన కథ చెప్పుకుంది. ఆ కథ 1913లో మన దేశంలో ఒక హిందీ పత్రికలో అచ్చయింది. దేశం భగ్గుమంది.

1917లో సరోజినీ నాయుడు అలహాబాదు సభలో మాట్లాడారు. ఆమె హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. మన అక్కచెల్లెళ్లకు జరిగే ఈ అవమానం ఇక ఆగాలి అన్నారు. దేశమంతటా ఆడవాళ్లు గొంతు కలిపారు. అదే ఏడాది కూలీల ఓడలు ఆగాయి. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిరిమిట్లు రద్దయ్యాయి.

ఒక కూలీ స్త్రీ నోరు విప్పింది. ఆమె మాట అచ్చయింది. చదివినవాళ్లు పదిమందికి చెప్పారు. కదలిక అట్లా మొదలైంది.

ఉన్న ఊరే పరాయిదైతే?

బర్మా సంగతి వేరు. అక్కడికి గిరిమిట్ మీద కాదు, మేస్త్రీ ఇచ్చిన అప్పు మీద పోయేవారు. రంగూను రేవులో మూటలు మోశారు. బియ్యం మిల్లుల్లో పనిచేశారు. రిక్షాలు లాగారు. డబ్బు కూడబెట్టి ఇంటికి వచ్చి, మళ్లీ పోయేవారు.

1930లో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల చోట బర్మా వాళ్లను పనిలో పెట్టారు. సమ్మె తీరాక బర్మా వాళ్లను తీసేశారు. కూలీకి కూలీకి కొట్లాట పెట్టినట్టయింది. ఆ గొడవల్లో చాలామంది తెలుగువాళ్లు చనిపోయారు. లాభం ఎవరిది? ఓడల కంపెనీలది.

1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చింది. లక్షల మంది మన దేశం వాళ్లు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. ఆకలితో, రోగాలతో దారిలోనే వేలమంది పోయారు. 1960లలో ఇంకొంతమంది అన్నీ వదులుకుని తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. అట్లా వచ్చినవాళ్ల గుర్తే ఆ పేరు.

వాళ్లు బర్మాలో "ఇండియా వాళ్లు". ఇక్కడికి వస్తే "బర్మా వాళ్లు". రెండు చోట్లా పరాయి పేరే!

తెలుగు అక్షరం ఓటు తెచ్చింది

మళ్లీ మారిషస్‌కు వద్దాం. ఈ సంగతి మీకు తప్పక నచ్చుతుంది.

1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వస్తూ మారిషస్‌లో ఆగారు. "మీ పిల్లలను చదివించండి. దేశ వ్యవహారాల్లో పాలు పంచుకోండి" అన్న సలహా ఇచ్చారు. కానీ ఓటు అప్పుడు డబ్బు, ఆస్తి ఉన్నవాళ్లకే. 1948కి ముందు దీవి మొత్తం మీద ఓటర్లు దాదాపు 12,000 మందే.

అప్పుడు కొత్త నిబంధన వచ్చింది. తేలికైన వాక్యాలు చదివి, రాయగలిగిన పెద్దవాళ్లందరికీ ఓటు. మగవాళ్లకూ, ఆడవాళ్లకూ. ఏ భాషలో రాయాలి? ఇంగ్లీషు, ఫ్రెంచి మాత్రమే కాదు. హిందుస్తానీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ లాంటి భాషల్లో ఏది వచ్చినా సరే!

చెరుకు తోటల జనం పలకలు పట్టారు. పగలు గొడ్డలి, కొడవలి. రాత్రి బలపం. వాసుదేవ్ విష్ణుదయాళ్ అనే పెద్దమనిషి, ఆయనతో ఉన్న వాలంటీర్లు ఊరూరా చదువు చెప్పారు. పెద్దవాళ్లకు సంతకం నేర్పారు, వాక్యాలు రాయించారు.

1948 ఎన్నికల నాటికి ఓటర్లు 71,000 దాటారు. ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేశారు. తాత వేలిముద్ర వేసి దిగిన దీవిలో మనవరాలు అక్షరం రాసి ఓటు తెచ్చుకుంది. 1959లో పెద్దవాళ్లందరికీ ఓటు వచ్చింది. 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్ర దేశం అయింది.

ఏం నిలిచింది? ఏం పోయింది?

ఇవాళ మారిషస్‌లో తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఉన్నారు. చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడరు. క్రియోల్ అనే భాష మాట్లాడతారు. అది ఫ్రెంచి మాటల మీద, దీవిలో కలిసి బతికిన జనం నోట పుట్టిన భాష. ఆఫ్రికా వాళ్లు, మన దేశం వాళ్లు, చైనా వాళ్లు అందరూ దానిలోనే మాట్లాడుకుంటారు.

ఇంటిపేర్లు కూడా మారాయి. ఓడ దిగినప్పుడు గుమస్తా రాసుకున్న పేరే నిలిచింది. చాలా ఇళ్లలో తాత పేరే ఇంటిపేరు అయింది. నతాషా అప్పన్నా అనే పేరున్న రచయిత్రి ఉన్నారు. ఆమె 1973లో మారిషస్‌లో పుట్టారు. ఆమె పూర్వీకులు 1872లో తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు. ఆమె ఫ్రెంచి భాషలో నవలలు రాస్తారు. గిరిమిట్ కూలీల మీద కూడా 2003లో ఒక నవల వచ్చింది. భాష ఫ్రెంచి, ఇంటిపేరు అప్పన్న. అంటు మామిడి గుర్తుకొస్తోందా?

మరి నిలిచినవి? ఉగాదికి మారిషస్‌లో దేశమంతటికీ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ ఉంది. అమ్మోరు పండుగ ఉంది. రామ భజన ఉంది. పండక్కి అరిటాకులో ఏడు కూరల భోజనం ఉంది. వీధి బండ్ల మీద పప్పు రుబ్బి పచ్చిమిరపకాయ వేసిన వడలు అమ్ముతారు. వాటిని ఆ దేశంలో అందరూ తింటారు. బడిలో పిల్లలు తెలుగు పాఠంగా నేర్చుకునే ఏర్పాటు ఉంది. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

ఓడలు దిగిన చోటును పోర్ట్ లూయీ పట్నంలో భద్రంగా కాపాడుతున్నారు. దాని పేరు ఆప్రవాసీ ఘాట్. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలం అయింది. కూలీల పాత రిజిస్టర్లు మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. తాత ఊరు ఏదో తెలుసుకోవాలని మనవలు వచ్చి ఆ పేజీలు వెతుకుతారు.

అమెరికాలో ఇంకో జనం

ఇట్లాంటి కథ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో స్పానిష్ భాష మూలంగా ఉన్న జనం ఉన్నారు. వాళ్లను లాటినోలు అంటారు. 2020 లెక్కల ప్రకారం వాళ్లు 6 కోట్ల 20 లక్షల మందికి పైనే.

వాళ్లందరూ వలస వచ్చినవాళ్లేనా? కాదు. 1848లో యుద్ధం తరవాత మెక్సికో దేశంలో దాదాపు సగం నేల అమెరికాలో కలిసిపోయింది. ఆ నేల మీదున్న మెక్సికో వాళ్లు ఉన్నచోటే ఉన్నారు. సరిహద్దు జరిగింది. మన చాట్రాయినే చూడండి. 2022 దాకా కృష్ణా జిల్లా. ఇప్పుడు ఏలూరు జిల్లా. మనం అడుగు కదపలేదు, జిల్లా మారింది. మనకు మారింది జిల్లానే. వాళ్లకు దేశమే మారింది. చాలామందికి భూములు కూడా పోయాయి.

తరవాత కూలి కోసం వచ్చినవాళ్లు ఉన్నారు. 1942 నుంచి 1964 దాకా మెక్సికో కూలీలను ఒప్పందం మీద పిలిపించారు. వాళ్లను "బ్రసేరో" అన్నారు. అంటే చేతులతో కష్టం చేసేవాడు అని. మన మాటలో చెప్పాలంటే రెక్కల కష్టం మీద బతికేవాడు. పొట్టి పిడి పారతో రోజంతా నడుము వంచి పని చేయించేవారు. పొడుగు పిడి ఇస్తే కూలీ నిలబడతాడని వాళ్ల భయం! కలుపు తీసే మనకు ఆ నడుము నొప్పి తెలియనిదా? 1975లో కాలిఫోర్నియాలో ఆ పారను నిషేధించారు.

డోలోరెస్ హ్యువెర్తా అనే ఆమె ముందు బడి పంతులమ్మ. కూలీల పిల్లలు ఆకలితో బడికి రావడం చూసి బడి మానేసి కూలీల సంఘంలోకి వచ్చారు. 1962లో ఇతర నాయకులతో కలిసి పొలం కూలీల సంఘం పెట్టారు. 1965లో ద్రాక్ష తోటల్లో సమ్మె జరిగింది. ఫిలిప్పీన్స్ కూలీలు, మెక్సికో కూలీలు కలిసి నిలిచారు. రంగూనులో జరిగినట్టు కూలీకి కూలీకి కొట్లాట రానివ్వలేదు. 1970లో యజమానులు ఒప్పందానికి వచ్చారు.

అక్కడ ఒకప్పుడు బడిలో స్పానిష్ మాట్లాడితే పిల్లలను కొట్టేవారు. దాంతో కొందరు తల్లులు భయపడి పిల్లలకు తమ మాట నేర్పడం మానేశారు. ఇంకొందరు ఇంట్లో గట్టిగా నిలబెట్టుకున్నారు.

మనం ఎవరం?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. భాష మారితే మనిషి మారిపోతాడా?

మారిషస్ తెలుగువాడు మారిషస్ వాడే. ఆ దేశం కట్టడంలో అతని తాతల చెమట ఉంది. అతను తెలుగువాడు కూడా. రెండూ నిజమే. ఒకటి ఉంటే రెండోది పోవాలని ఏమీ లేదు. "నువ్వు ఎవరివి" అని పేరు పెట్టే హక్కు గుమస్తాకు లేదు, మేస్త్రీకి లేదు. తన పేరు తాను చెప్పుకోవాలి. తన పేరు తాను రాసుకోవాలి.

ఇవాళ మన ఊళ్ల నుంచి కూడా పిల్లలు అమెరికా పోతున్నారు. అక్కలు కువైట్, దుబాయి పోతున్నారు. గిరిమిట్ రోజులు పోయాయి. మాయ మాటలు చెప్పే ఏజెంట్లు మాత్రం పోలేదు. అందుకే నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందా అని అడగండి.
ఒప్పంద కాగితం చదివించుకుని, చదువుకుని, అప్పుడు సంతకం పెట్టండి.
జీతం ఎంత, పని ఏమిటి, సెలవు ఎప్పుడు అన్నది కాగితం మీద ఉండాలి.
ఒప్పందం, పాసుపోర్టు జిరాక్సు కాపీలు ఇంట్లో ఉంచండి.

చదవని కాగితం మీద వేలు పెట్టొద్దు.

కొత్త మాటలు

వలస: బతుకుతెరువు కోసం ఇంకో చోటుకు పోవడం
ఒప్పందం: ఇద్దరు ఒప్పుకుని రాసుకున్న కాగితం
అర్జీ: కష్టం చెప్పుకుంటూ పైవాళ్లకు రాసే కాగితం
వారసత్వం: పెద్దల నుంచి మనకు వచ్చినది

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరు ఎట్లా వచ్చింది?
2. ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోయడం న్యాయమేనా? మీ పనిలో ఇట్లాంటి కోతలు ఉన్నాయా?
3. 1948లో మారిషస్ ఆడవాళ్లకు ఓటు రావడానికి చదువు ఎట్లా పనికొచ్చింది?
4. మీ ఊరికి వేరే చోటు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఉన్నారా? వాళ్ల ఇంట్లో ఏ మాట మాట్లాడతారు? వాళ్లను అడిగి, అయిదు వాక్యాలు రాయండి.
5. మీ అమ్మమ్మ పేరు, ఆమె పుట్టిన ఊరి పేరు పలక మీద రాయండి. మీ పిల్లల చేత చదివించండి.